సబ్బు మరక

అబూ నాయిఫ్ ఫోన్‌లో మంచు కురుస్తోంది. తబూక్ అవతల లౌజ్ కొండ మీద ఎవరో తీసి పంపిన వీడియో అది. తెల్లటి వాలు మధ్య ఒంటె ఒకటి ఎటు అడుగు వేయాలో తెలియక దిక్కులు చూస్తోంది. ఆయన దాన్ని పొద్దుటి నుంచి ఇంట్లో అందరికీ చూపించాడు. ఇక చూపించడానికి ఎవరూ మిగలక, గేటు దగ్గర జీపు తుడుస్తున్న డ్రైవర్ ఫయాజ్ దగ్గరికి వచ్చాడు.

"గురువారం అందరం పోతున్నాం. జీపుకు మంచులో నడిచే టైర్లు వేయించు," అన్నాడు అరబీలో. రెండడుగులు పోయి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "కొత్తవి వేయించు. వచ్చాక నేనే చూసుకుంటా."

మంచులో నడిచే టైర్లు ఎలా ఉంటాయో ఫయాజ్‌కు తెలియదు. రాయచోటిలో పుట్టినవాడికి మంచంటే రంపపు పొట్టులో పెట్టిన ఐసుగడ్డే. పని కోసం ఈ ఎడారి ఊరు హాయిల్‌కు వచ్చాక ఇసుకలో బండి నడపడం నేర్చుకున్నాడు, మంచులో నడపమన్నా నడుపుతాడు. అతన్ని భయపెట్టింది మంచు కాదు, 'నేనే చూసుకుంటా' అన్న మాట. ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, ఇకామా, గడువు ఈ నెలాఖరుతో సరి. దాన్ని మళ్ళీ రాయించాలన్నా, రాయించకుండా ఇంటికి పంపేయాలన్నా ఆ ఫోనే, ఆ వేలే.

వంటింటి వెనక తలుపు దగ్గర ఓబులమ్మ టీ గ్లాసు అందించింది. కమలాపురం మనిషి. ఈ ఇంట్లో పిల్లల్ని చూసుకుంటుంది, ఫయాజ్ కంటే చాలా ముందు నుంచి ఉంది.

"జాగర్త ఫయాజూ," అంది. "నీకంటే ముందుండిన ఇస్మత్‌ను యాల పంపిచ్చిరో తెలుసునా?"

"బ్యాటరీ కతంట గదక్కా."

"ఆ. కొత్త బ్యాటరీ ఏపిచ్చుకోని వచ్చినాడు. వారానికే బండి స్టార్ట్ కాలే. కొత్తది అమ్ముకోని పాతది ఏసినావని ఈ ఇంటి బాబా అనె. ఆ పిల్లోడు ఎన్ని ఒట్లు పెట్టుకున్యా ఇన్లే. ఖురూజ్, అదే ఎగ్జిట్, కొట్టిచ్చి ఇంటికి తోలిరి. బండిలో లైటు ఆర్పకుండా ఇడిచిపెట్టింది ఈయన కొడుకు నాయిఫు. నేను చూసినా."

"మరి చెప్పల్యా?"

ఓబులమ్మ చున్నీ అంచుతో తలుపు గొళ్ళెం తుడిచింది. "నన్నెవురు అడిగినారు?" అంది.

హాయిల్ సనాయ్యలో, బండ్లు బాగుచేసే అంగళ్ళ పేటలో, ఒక వీధి వీధంతా టైర్లే. మొదటి అంగట్లో మంచు అనగానే నవ్వారు. రెండో అంగట్లో అన్నీ మంచు టైర్లే అన్నారు. మూడో అంగడి ముందు స్క్రూడ్రైవర్‌తో టైరు సందుల్లోంచి రాళ్ళు పీకుతున్న మనిషి ఫయాజ్ ముఖం చూసి, "యా ఊరప్పా?" అన్నాడు తెలుగులో.

అతను గుత్తి బాషా. గొంతు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. రాయచోటి అని వినగానే మసి చేతులు ప్యాంటుకు తుడుచుకొని, "మనోడివే! రా, కూసో. రఫీక్, చాయ్ లావ్ భాయ్," అని కేకేశాడు.

రఫీక్ అనే బంగ్లాదేశీ పనివాడు చాయ్ తెచ్చాడు. అతను పక్కనే నిలబడి ఉన్నా బాషా తెలుగే మాట్లాడుతున్నాడు. ఫయాజ్‌కూ బాషాకూ ఇంట్లో మాట ఉర్దూ. ఉర్దూ మాట్లాడితే రఫీక్‌కూ అర్థమవుతుంది. మరి ఈ తెలుగెందుకు? రఫీక్‌కు తెలియకూడని సంగతి ఏముంది ఇందులో? చాయ్‌లో చక్కెర ఎక్కువగా ఉందని కూడా ఫయాజ్‌కు అనిపించింది. 'మనోడివే' అన్న మాట వినబడితే ముందు జేబు తడుముకోవాలని రియాద్ బతా బజారులో ఒక శుక్రవారం అతనికి బాగా తెలిసొచ్చింది.

అంగడి ముందు వరుసగా నిలబెట్టిన టైర్లలో కొన్ని చూడగానే భయం పుట్టించేలా ఉన్నాయి. పిడికెడంత రబ్బరు ముక్కలు, వాటి మధ్య వేళ్ళు పట్టేంత సందులు. 

"ఇవే గదన్నా మంచుకు?" అన్నాడు ఫయాజ్.

"చూసేకి బాగుంటాయి. అవి బురదకు చేసినవప్పా," బాషా తల అడ్డంగా ఊపాడు. "మంచు కాడ ఆ రబ్బరు చలికి కొయ్య మాదిరి బిగుసుకుంటాది. బిగుసుకున్యాక ఇంగేం పట్టుకుంటాది? ఆగు. నీకు సరిపోయేటివి లోపల ఉండాయి."

లోపల! మంచి సరుకును ఎవడైనా వీధిలో పెడతాడు గానీ లోపల దాస్తాడా?

వెనక గోదాములోంచి బాషా ఒక టైరు దొర్లించుకొచ్చాడు. బయటి వాటి పక్కన అది ఒళ్ళు చేయని పిల్లాడిలా ఉంది. ముఖం నిండా బ్లేడుతో కోసినట్టు సన్నటి గీతలు. పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ బొమ్మ, అందులో చిన్న మంచు పువ్వు. బాషా గోటితో రబ్బరు నొక్కి చూపించాడు. "ఎంత మెత్తగుండాదో సూడు. ఈ గీతలు ఉండాయే, అవి మంచును కరిచి పట్టుకుంటాయి. ఈ కొండ గుర్తు లేకుండా ఎవుడు మంచు టైరన్యా నమ్మొద్దు."

ఫయాజ్ చూస్తున్నది గీతల్ని కాదు. కొత్త టైరుకు అతికించి ఉండే కాగితం లేదు. కొత్త రబ్బరుకు ఉండే సన్నటి వెంట్రుకలు ఒకవైపు అరిగిపోయాయి. లోపలి అంచు వెంబడి తెల్లగా ఎండిన సబ్బు మరక. టైరును చక్రానికి ఎక్కించేటప్పుడు సబ్బునీళ్ళు పూస్తారు. పంక్చర్ అంగళ్ళ ముందు కూర్చొని కూర్చొని ఆ మాత్రం అతనికీ తెలుసు.

అతను నోరు తెరిచేలోపే బాషా అన్నాడు. "ఒగ మాట. ఇవి ఒకసారి బిగిచ్చినవే. ఒగ షేకు ఆర్డర్ ఇచ్చి తెప్పిచ్చుకున్యాడు. ఈ వీధి కొసదంకా పోయొచ్చి, బండి పొట్టిగా కనపడతాంది ఇప్పెయ్యమన్యాడు. ఒగ రౌండే. ఉన్నమాట చెప్పి ఇస్తాండా. హాయిల్‌లో ఇట్లాటివి ఇంగ యాడా దొరకవు."

అడక్కముందే ఎందుకు చెప్పినట్టు? తను మరక చూడటం కనిపెట్టాడు, అందుకే ముందే భుజాలు తడుముకున్నాడు. చూడకపోయి ఉంటే చెప్పేవాడా? ఫయాజ్‌కు ఒక్క క్షణం, నిజమే చెబుతున్నాడేమో అని కూడా అనిపించింది. కానీ నిజమైనా ఏం లాభం? ఇంటికి పోతే చూసేది అబూ నాయిఫ్. సన్నటి టైరు, కాగితం లేదు, సబ్బు మరక. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు.

"పిల్లోల్లు గూడా వస్తారా బండిలో?" అడిగాడు బాషా.

"ముగ్గురు. ఓబులమ్మ అని మనామె ఒగామె, ఆమె గూడా."

"అయితే ఇవే ఏసుకో. ఇంగొకటి. ఇసకలో మాదిరి గాలి పీకొద్దు. ఇసక మింద టైరు తేలాల. గట్టిపడిన మంచు మింద తేలితే జారిపోతాది. కొరుక్కోని కిందికి దిగాల."

సాయంత్రపు అసర్ అజాన్ వినిపించింది. బాషా వజూ చేసుకోవడానికి కుళాయి దగ్గరికి పోయాడు. ఫయాజ్ చుట్టూ చూసి, ఫోన్ తీసి, సబ్బు మరకను దగ్గర నుంచి ఫోటో తీశాడు. తన కఫీల్ అబూ నాయిఫ్‌కు పంపి, నోటి దగ్గర ఫోన్ పెట్టుకొని తనకొచ్చిన అరబీలో చెప్పాడు. "బాబా, ఈ అంగట్లో ఇండియా వాడు వాడిన టైర్లను కొత్తవని అంటగట్టబోయాడు. నేను పట్టుకున్నాను. ముస్తామల్. నేను బయట పెట్టిన పెద్దవి తీసుకుంటున్నాను."

అంటగట్టబోయాడన్న మాట అవసరం లేదు. పెద్దవి తీసుకుంటున్నా అంటే సరిపోయేది. కానీ దొంగను పట్టుకున్నవాణ్ణి దొంగ అని ఎవరూ అనరు గదా! ఆ లెక్క అతని తల కంటే ముందు నాలుక వేసేసింది. జవాబు వెంటనే వచ్చింది. 'నువ్వు అమీన్' అని, పక్కన ఒక గులాబీ పువ్వు. నమ్మకస్తుడట. ఫయాజ్‌కు గుండె మీది బరువు దిగింది. మసీదులో బాషా పక్కనే, భుజానికి భుజం తగిలించి నిలబడి నమాజు చేశాడు.

"మా కఫీల్ పెద్దవే కావాలంటాండాడన్నా," అన్నాడు తిరిగొచ్చాక.

"నీ ఇష్టమప్పా," అన్నాడు బాషా. జాకీ పెట్టి బండి లేపాడు. పాత టైరు విప్పి, కొత్తదాని అంచుకు బ్రష్‌తో సబ్బునీళ్ళు పూసి, ఇనుప కడ్డీతో చక్రం మీదికి ఎక్కించి, గాలి కొట్టాడు. టైరు ఠప్పుమని చక్రానికి కూర్చున్నప్పుడల్లా చెవి దగ్గర పెట్టి విన్నాడు. ఒక్కో బోల్టునూ రెండుసార్లు బిగించాడు. ఫయాజ్ ప్రతి బోల్టు దగ్గరా కళ్ళు పెట్టుకొని నిలబడ్డాడు. విప్పిన పాత టైర్లు డ్రైవర్‌కే వదిలేయడం ఆ వీధి ఆచారం. "ఈడ పెట్టిపోతావా? ఎవురన్నా కొంటే చెప్తా," అన్నాడు బాషా. ఫయాజ్ వద్దని, నాలుగింటినీ జీపులోకి ఎక్కించి ఇంటికి మోసుకుపోయాడు.

అబూ నాయిఫ్ బండి చుట్టూ తిరిగాడు. టైరు వెంట్రుకల్ని బొటనవేలితో రాసి చూశాడు. కాగితం చూశాడు. పాత టైర్లు లెక్కపెట్టుకున్నాడు. ఫయాజ్ భుజం తట్టి, "ఆ అంగడి అబూ రాకాన్‌ది. నాకు బాగా తెలుసు," అంటూ ఫోన్ చెవికి పెట్టుకొని మజ్లిస్ గదిలోకి వెళ్ళాడు. తలుపు మూసుకునే లోపల 'హరామీ' అన్న మాట ఒకటి బయటికి వచ్చింది. ఎవరిని అన్నాడో ఫయాజ్ అడగలేదు. గుడ్డ తీసుకొని, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

తబూక్ దారి పొడవునా కొత్త టైర్లు తారు మీద హోరుమన్నాయి. వెనక సీట్లో చిన్నపిల్ల జూద్‌ను ఒళ్ళో పెట్టుకున్న ఓబులమ్మ, "ఏంది ఫయాజూ, బండి ఏడుస్తాంది?" అంది. కొత్తవి గదక్కా అన్నాడు.

లౌజ్ కొండ కింద బండ్లు బారులు తీరాయి. దూరపు కొండలు నునుపు అంటారు, ఇది దగ్గరికొచ్చినా నునుపుగానే ఉంది. అంతకు ముందు పోయిన బండ్లు తొక్కి తొక్కి దారి మీది మంచును అద్దంలా చేసిపెట్టాయి. అబూ నాయిఫ్ దిగి, ఒక పిడికెడు మంచు తీసుకొని కొడుకు మీదికి విసిరి పిల్లాడిలా నవ్వాడు. తర్వాత టైర్లు చూపించి, "గాలి తీసెయ్," అన్నాడు.

ఫయాజ్ కదల్లేదు.

"తీసెయ్. ఇసుకైనా మంచైనా ఒకటే."

వద్దు బాబా అనాలి. అంటే, నీకెవరు చెప్పారని అడుగుతాడు. అంగట్లో ఆ ఇండియా వాడు చెప్పాడనాలి. నేను దొంగ అని చెప్పినవాడే బాబా, వాడి మాట విందాం అనాలి. ఫయాజ్ మోకాళ్ళ మీద కూర్చొని, వాల్వు మూత విప్పి, తాళంచెవి మొనతో నొక్కాడు. చల్లటి గాలి వేళ్ళ మీదికి బుస్సుమని వచ్చింది. నాలుగు టైర్లూ పొట్టలు దింపుకొని వెడల్పుగా పరుచుకున్నాయి.

సగం వాలు ఎక్కారు. అక్కడ చక్రాలు తిరుగుతున్నాయి గానీ బండి కదలడం లేదు. తర్వాత కదిలింది, వెనక్కి. ఫయాజ్ బ్రేకు మీద నిలబడ్డాడు. చక్రాలు ఆగిపోయాయి, బండి ఆగలేదు. ఏ చప్పుడూ లేకుండా, తీరిగ్గా, లోయ ఉన్న వైపుకు జారుతోంది. స్టీరింగు ఎటు తిప్పినా దానికి వినబడటం లేదు. పిల్లలు అరిచారు. వాళ్ళమ్మ దేవుణ్ణి పిలిచింది. వెనక ఎడమ మూల ఒక బండరాయికి గుద్దుకొని బండి అడ్డంగా నిలిచింది. రాయి అవతల నేల లేదు.

జూద్ ఓబులమ్మ రొమ్ములో తల దాచుకొని ఏడుస్తోంది. పిల్లకు గీత కూడా పడలేదు. ఓబులమ్మ ఎడమ చేయి మాత్రం తలుపుకూ సీటుకూ మధ్య వింతగా వంగి ఉంది. "చెయ్యి పాయె ఫయాజూ," అంది, పాపను ఊపుతూ, జోల పాడినంత మెల్లగా.

పైనుంచి దిగుతున్న పికప్‌లోని ఒక తబూక్ ముసలాయన తాడు వేసి లాగాడు. ఆయన బండి అదే వాలు మీద, కట్టిపడేసినట్టు నిలబడింది. కొక్కెం తగిలించడానికి వంగిన ఫయాజ్‌కు ఆ టైర్లు కళ్ళ ముందుకొచ్చాయి. బ్లేడుతో కోసినట్టు సన్నటి గీతలు. కొండ బొమ్మ, మంచు పువ్వు.

"బురద టైర్లతో పిల్లల్ని తెచ్చావేమయ్యా?" అన్నాడు ముసలాయన అబూ నాయిఫ్‌తో. "గాలి కూడా తీశావా?"

అబూ నాయిఫ్ కోప్పడతాడని ఫయాజ్ ఎదురుచూశాడు. ఆయన కోప్పడలేదు. "దేవుడు కాపాడాడు. టైర్లు కొత్తవే. నీ తప్పేం లేదు ఫయాజ్," అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఫయాజ్‌కు.

తబూక్ ఆసుపత్రిలో ఓబులమ్మ చేతికి పిండికట్టు వేశారు. తిరుగు దారిలో పెట్రోలు బంకు దగ్గర అందరూ దిగాక ఆమె అడిగింది. "ఆ టైర్ల అంగట్లో మనాయప్ప ఉన్యాడంటివే, ఏం చెప్పినాడు నీకు?"

ఫయాజ్ చెప్పాడు. మెత్తటి రబ్బరు, గీతలు, గాలి, అన్నీ.

"మరి యాల ఏపిచ్చుకోలే?"

"సబ్బు మరక ఉన్యాది. ఇస్మత్ మాదిరి నన్నూ అంటారని."

ఓబులమ్మ పిండికట్టు వైపు చూసుకుంది. "ఆయప్పను ఏమన్నా అన్యావా?"

అతను పెట్రోలు మీటరు తిరగడం చూస్తూ నిలబడ్డాడు.

హాయిల్ చేరిన మరునాడు ఫోన్‌కు సందేశం వచ్చింది. ఇకామా ఇంకో ఏడాదికి రాయించారు. ఫయాజ్ దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఇన్నాళ్ళూ ఏ సందేశం కోసం నిద్ర మానుకున్నాడో అది వచ్చాక మనసులో ఏ సంతోషమూ లేదు. పాల ప్యాకెట్లకని చెప్పి బండి తీసి, సనాయ్యకు పోయాడు.

అంగట్లో రఫీక్ ఒక్కడే ఉన్నాడు. "బాషా భాయ్?" అంటే తలెత్తకుండా, "పైన గదిలో. ఎగ్జిట్," అన్నాడు.

బాషా గదిలో కింద కూర్చొని దుప్పట్లు మడతపెట్టి అట్టపెట్టెలో కుక్కుతున్నాడు. ఫయాజ్‌ను చూడగానే ముఖం వెలిగింది. "రాయచోటీ! నువ్వొగనివన్నా వచ్చినావు. ఇంతమంది మనోల్లు ఉండారు ఈ వీధిలో, ఎవురూ గడప తొక్కలే. కూసో. మంచు కాడికి పోయొస్తిరా? పిల్లోల్లు బాగుండారా?"

"బాగుండారన్నా," అన్నాడు ఫయాజ్. "ఏమైంది నీకు?"

"ఏమయితాది? పాతవి కొత్తవని అమ్ముతాండానని ఎవుడో మా ముదీర్ అబూ రాకాన్‌కు ఎక్కిచ్చినాడు. ఎవుడో ఏంది, నాకు తెలుసు. రఫీక్. గోదాములో ఆ టైర్లుండాయని ఎరుక ఉండేది నాకూ వానికే." బాషా పెట్టె మీద మోకాలు పెట్టి తాడు బిగించాడు. "నేను గూడా ఊరికే పోను. పొద్దున ముదీర్‌తో చెప్పినా, అంగట్లో సామాను వాడు అమ్ముకుంటాండాడని. చూసినావా అన్యాడు. ఈ కండ్లతో చూసినా అంటి. వానికీ పడతాది ఎగ్జిట్."

"నిజంగా చూసినావా?"

"యాడ చూసినా? నన్ను ముంచినోడు ఈడ కుశాలగా ఉండాల్నా?"

కింద రఫీక్ కంప్రెసర్ వేశాడు. గది నేల సన్నగా అదిరింది.

"రఫీక్ కాదన్నా," అన్నాడు ఫయాజ్. "నేను. నేనే చెప్పినా మా కఫీల్‌తో."

బాషా నవ్వాడు. "నువ్వెందుకు చెప్తావు? నీకు నేను ఉన్నమాట చెప్పే చూపిచ్చినా గదా. మోసపోయినోడు చెప్తాడు గానీ." నవ్వు ఆగింది. తల ఒక పక్కకు వంచి ఫయాజ్‌ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఓహో. వాడు పంపిచ్చినాడా నిన్ను? ఎగ్జిట్ పడ్తాదని భయపడి, తప్పు నిన్ను నెత్తిన ఏసుకోమన్యాడా? ఏమిస్తానన్యాడు నీకు?"

ఆ చూపు ఫయాజ్‌కు కొత్త కాదు. తను ఆ టైరు అంచు వైపు చూసింది ఈ కళ్ళతోనే. నిజం చెప్పాడు, ఎదుటివాడు నమ్మలేదు. తలుపు తెరిచే ఉంది. ఇప్పుడు లేచిపోయినా అడిగేవాడు లేడు. మెట్ల దాకా పోయినట్టు కూడా అతనికి అనిపించింది. కానీ చేయి జేబులోకి పోయింది. ఫోన్ తీసి, కఫీల్‌కు పంపిన ఫోటో చూపించి, దాని కింద ఉన్న తన గొంతును వినిపించాడు.

బాషా విన్నాడు. అయిపోయాక తనే వేలు పెట్టి ఇంకోసారి విన్నాడు. తర్వాత కట్టిన పెట్టె మీద కూర్చుండిపోయాడు.

"పిల్లోల్లు ఎక్కే బండి అంటివి గదా," అన్నాడు. "అందుకే లోపలుండేటివి తీసినా."

ఫయాజ్ ఓబులమ్మ చేయి విరిగిన సంగతి చెప్పాడు. బండరాయి సంగతి చెప్పాడు. బాషా వింటున్నాడో లేదో తెలియలేదు. లేచి చెప్పులు వేసుకున్నాడు.

"నడువు."

"యాడికి?"

"ముదీర్ కాడికి. నాది పడిపాయె, అది మళ్లదు. ఆ పిల్లోనిది ఇంగా కొట్టలే. నేను చెప్పింది అబద్ధమని నేను చెప్తా. నేనొగన్నే చెప్తే, పొద్దునొగ మాట మాపునొగ మాట అంటాడు, నమ్మడు. నువ్వు చేసింది నువ్వు చెప్పాల."

"ముదీర్ మా కఫీల్‌కు ఫోన్ చేస్తాడన్నా."

"చేస్తాడు," అన్నాడు బాషా, తలుపు పట్టుకొని నిలబడి.

ఫయాజ్ అతన్ని దాటుకొని ముందుగా మెట్లు దిగాడు.